కుర్చీలో ఎవరు కూర్చుంటారు: అమెరికా న్యాయనియామకాలు, స్త్రీల పునరుత్పత్తి హక్కులు

1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు గర్భవిచ్ఛిత్తిని స్త్రీకి రాజ్యాంగం ఇచ్చిన హక్కుగా గుర్తించింది. 2022 జూన్ 24న అదే కోర్టు అటువంటి హక్కు రాజ్యాంగంలో లేదని ప్రకటించింది. ఈ రెండు తేదీల మధ్య గడిచిన 49 ఏళ్లలో, ఆ హక్కుకు ఆధారంగా చూపిన పద్నాలుగో సవరణలో ఒక్క అక్షరం మారలేదు, దేశ శాసనసభ అయిన కాంగ్రెస్ ఆ హక్కును ఇస్తూ గాని తీసివేస్తూ గాని చట్టం చేయలేదు. మారినవారు తొమ్మిది కుర్చీల్లో కూర్చున్న మనుషులు. ఆ మనుషులను ఎవరు నియమించారు, ఏ సమయంలో నియమించారు, ఏ లెక్కల మీద నియమించారు అన్న చరిత్ర తెలియకపోతే ఆ రెండు తీర్పుల్లో ఏ ఒక్కటీ అర్థం కాదు.

పునరుత్పత్తి హక్కులు అన్న మాట ఇటీవలి కాలంలో తెలుగు పత్రికల్లో విరివిగా కనిపిస్తోంది. బిడ్డను కనాలా వద్దా, ఎప్పుడు కనాలి, ఎందరిని కనాలి అన్న నిర్ణయం, దానికి అవసరమైన గర్భనిరోధక సాధనాలు, వైద్యం, సమాచారం అందుకునే స్వేచ్ఛ, అవసరమైతే గర్భాన్ని తొలగించుకునే అవకాశం, ఇవన్నీ ఆ మాట కిందికి వస్తాయి. హొసకోటె నుంచి కోలారు, ముళబాగిలు మీదుగా చిత్తూరు జిల్లా వైపు సాగే పాత మద్రాసు రోడ్డు పొడవునా కన్నడంతో పాటు తెలుగు వినిపించే ఇళ్లలో, కూతురో కోడలో డాలస్‌లోనో అట్లాంటాలోనో కాపురం ఉంటున్న ఇళ్లకు ఇది దూరపు విషయం కాదు. ఆ కూతురు గర్భవతి అయినప్పుడు ఆమెకు ఏ వైద్యం దొరుకుతుందన్నది ఆమె డాక్టరు మీద ఎంత ఆధారపడి ఉందో, ఆమె ఎన్నడూ పేరు వినని ఒక ఫెడరల్ న్యాయమూర్తి మీద కూడా అంతే ఆధారపడి ఉంది.

రెండు నిచ్చెనల దేశం

భారతదేశంలో న్యాయస్థానాలన్నీ ఒకే నిచ్చెనకు మెట్లు. హొసకోటె తాలూకా కోర్టులో మొదలైన దావా జిల్లా కోర్టుకు, అక్కడి నుంచి బెంగళూరులో అఠారా కచేరీగా పేరుపడ్డ ఎర్రని భవనంలోని కర్ణాటక హైకోర్టుకు, చివరికి ఢిల్లీలోని సుప్రీంకోర్టుకు ఎక్కుతుంది. తగాదా రాష్ట్ర చట్టం మీదైనా పార్లమెంటు చట్టం మీదైనా నడిచే దారి ఒక్కటే. అమెరికాలో నిచ్చెనలు రెండు. ప్రతి రాష్ట్రానికీ సొంత రాజ్యాంగం, సొంత కోర్టులు, సొంత సుప్రీంకోర్టు ఉంటాయి. ఆ న్యాయమూర్తులను కొన్ని రాష్ట్రాల్లో ప్రజలే ఓటు వేసి ఎన్నుకుంటారు, కొన్నింటిలో గవర్నరు నియమిస్తారు. విజయవాడలో పుట్టిన జయ బాడిగ 2024లో కాలిఫోర్నియాలోని శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు న్యాయమూర్తి అయినప్పుడు తెలుగు పత్రికలు సంబరంగా రాసిన వార్త ఈ మొదటి నిచ్చెనకు చెందినది, ఆమెను నియమించినది ఆ రాష్ట్ర గవర్నరు.

రెండో నిచ్చెన ఫెడరల్ కోర్టులది, అంటే కేంద్ర ప్రభుత్వ న్యాయస్థానాలది. దాని కింది మెట్టు 94 జిల్లా కోర్టులు, నడిమి మెట్టు 13 అప్పీలు కోర్టులు, పై మెట్టు తొమ్మిది మంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు. ఆ తొమ్మిది అన్న సంఖ్య 1869 నుంచి మారలేదు. టెక్సస్, లూయిజియానా, మిసిసిపి రాష్ట్రాలు న్యూ ఆర్లీన్స్ కేంద్రంగా ఉన్న అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు కిందికి వస్తాయి; జార్జియా అట్లాంటాలోని పదకొండో సర్క్యూట్ కిందికి, న్యూజెర్సీ ఫిలడెల్ఫియాలోని మూడో సర్క్యూట్ కిందికి వస్తాయి. సుప్రీంకోర్టు ఏడాదికి పూర్తిగా విచారించే కేసులు అరవై, డెబ్బైకి మించవు కనుక, లెక్కలేనన్ని వ్యవహారాల్లో ఈ నడిమి మెట్టు మీద పలికిన మాటే ఆఖరి మాట.

ఈ నిచ్చెన మీది న్యాయమూర్తులను దేశాధ్యక్షుడు ప్రతిపాదిస్తాడు, సెనేట్ ఆమోదిస్తుంది. సెనేట్ అంటే రాష్ట్రానికి ఇద్దరు చొప్పున 100 మంది సభ్యులున్న పైసభ. అక్కడ జనాభాతో నిమిత్తం లేదు, కోట్ల మంది ఉన్న కాలిఫోర్నియాకూ పది లక్షలైనా లేని వయోమింగ్‌కూ రెండేసి ఓట్లే. న్యాయమూర్తికి ఉండవలసిన అర్హతలేమిటో అమెరికా రాజ్యాంగం చెప్పదు, పదవీ విరమణ వయసు కూడా చెప్పదు. సత్ప్రవర్తనతో ఉన్నంత కాలం పదవిలో కొనసాగుతారని మాత్రం చెబుతుంది, అంటే తానుగా దిగిపోతే తప్ప, లేదా అభిశంసన జరిగితే తప్ప, ఆ పదవి జీవితకాలం. భారతదేశంలో హైకోర్టు న్యాయమూర్తి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు న్యాయమూర్తి 65 ఏళ్లకు దిగిపోవలసిందే కనుక ఒక్క నియామకం ప్రభావం కొన్నేళ్లతో ముగుస్తుంది; అమెరికాలో నాలుగేళ్ల అధ్యక్షుడు ముప్ఫై ఏళ్ల న్యాయమూర్తిని విడిచిపోగలడు.

సెనేట్‌లో ఓట్లు చెరి సగమైతే ఉపాధ్యక్షుడి నిర్ణాయక ఓటు చెల్లుతుంది. 2018 డిసెంబరులో ఎనిమిదో సర్క్యూట్ అప్పీలు కోర్టుకు ఒక న్యాయమూర్తిని అలా ఉపాధ్యక్షుడి ఓటుతోనే ఆమోదించారు, న్యాయనియామకంలో అది చరిత్రలోనే మొదటిసారి. 2025 జనవరి నుంచి ఆ ఉపాధ్యక్ష స్థానంలో ఉన్న జేడీ వాన్స్ భార్య ఉషా వాన్స్ తెలుగు దంపతుల కూతురు. న్యాయవాద వృత్తి తొలి ఏళ్లలో ఆమె, అప్పటికి అప్పీలు కోర్టులో ఉన్న బ్రెట్ కవనా దగ్గరా, తరువాత సుప్రీంకోర్టు ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ దగ్గరా లా క్లర్కుగా పనిచేసింది. లా క్లర్కు అంటే గుమాస్తా కాదు. పేరుపడ్డ న్యాయకళాశాలల నుంచి ఏరి తెచ్చుకున్న యువ న్యాయవాది, న్యాయమూర్తి కోసం పరిశోధన చేసి తీర్పుల ముసాయిదాలకు సాయపడే వ్యక్తి.

రో తీర్పు వచ్చిన దారి

1873లో కాంగ్రెస్ చేసిన కామ్‌స్టాక్ చట్టం గర్భనిరోధక సాధనాలనూ, వాటి గురించిన సమాచారాన్నీ అశ్లీల వస్తువులతో సమానంగా చూసి టపాలో పంపడం నేరం చేసింది. కనెటికట్ రాష్ట్రం మరొక అడుగు వేసి, గర్భనిరోధక సాధనాన్ని వాడటమే నేరమంది. ఆ రాష్ట్ర చట్టాన్ని 1965లో గ్రిస్‌వోల్డ్ వర్సెస్ కనెటికట్ కేసులో సుప్రీంకోర్టు 7-2 మెజారిటీతో కొట్టివేస్తూ, రాజ్యాంగంలో గోప్యత అన్న మాట లేకపోయినా దంపతుల పడకగదిలోకి పోలీసు అడుగు పెట్టకూడదన్న సూత్రం దాని అనేక నిబంధనల నీడలో ఉందని చెప్పింది. 1972లో ఐజెన్‌స్టాట్ వర్సెస్ బెయర్డ్ కేసు అదే రక్షణను అవివాహితులకు విస్తరించింది.

ఆ మరుసటి ఏడాది వచ్చినది రో వర్సెస్ వేడ్. తల్లి ప్రాణాన్ని కాపాడటానికి తప్ప గర్భవిచ్ఛిత్తిని నేరంగా చూసిన టెక్సస్ చట్టం అందులో సవాలుకు గురయింది. వేడ్ డాలస్ జిల్లా అటార్నీ ఇంటిపేరు, రో అన్నది పిటిషనరు అసలు పేరు దాచడానికి పెట్టిన మారుపేరు. తీర్పు రాసిన హ్యారీ బ్లాక్‌మన్ న్యాయమూర్తి కావడానికి ముందు మేయో క్లినిక్‌కు న్యాయసలహాదారుగా పనిచేసినవాడు, తీర్పు రాసేముందు ఆ సంస్థ గ్రంథాలయంలో వైద్యచరిత్ర చదివినవాడు. గర్భకాలాన్ని మూడు భాగాలుగా విడదీసి, మొదటి మూడు నెలల్లో నిర్ణయం స్త్రీకి, ఆమె డాక్టరుకు వదిలి, పిండం తల్లి దేహం బయట బతకగల దశ వచ్చాక రాష్ట్రం నిషేధించవచ్చునని ఆ తీర్పు గీత గీసింది.

ఆ తీర్పు 7-2తో వచ్చింది. సమర్థించిన ఏడుగురిలో అయిదుగురు రిపబ్లికన్ అధ్యక్షులు నియమించినవారు, బ్లాక్‌మన్‌తో సహా ముగ్గురు నిక్సన్ ఎంపికలు. వ్యతిరేకించిన ఇద్దరిలో బైరన్ వైట్‌ను నియమించినవాడు డెమొక్రాట్ అయిన కెనెడీ. అంటే 1973 నాటికి ఏ అధ్యక్షుడు నియమించాడన్న దాన్ని బట్టి గర్భవిచ్ఛిత్తి మీద ఏ న్యాయమూర్తి ఎటు ఓటు వేస్తాడో చెప్పడం సాధ్యం కాలేదు. ఈనాటి పాఠకుడికి ఇది వింతగా తోస్తుంది. ఆ వింత ఎలా పోయిందన్నదే తరువాతి యాభై ఏళ్ల కథ.

నియామకం పోరాటమైన కాలం

రో తీర్పును తిరగదోడాలంటే రాజ్యాంగ సవరణ కావాలి, లేదా న్యాయమూర్తులు మారాలి. సవరణకు రెండు సభల్లో మూడింట రెండు వంతుల మద్దతు, ఆపై నాలుగింట మూడు వంతుల రాష్ట్రాల ఆమోదం అవసరం కనుక ఆ దారి మూసుకుపోయినట్టే. మిగిలిన దారి కుర్చీలది. 1982లో మొదలైన ఫెడరలిస్ట్ సొసైటీ, రాజ్యాంగాన్ని అది రాసిన నాటి అర్థంలోనే చదవాలన్న వాదాన్ని నమ్మే న్యాయవాదులను, అధ్యాపకులను ఒకచోట చేర్చి, కాలక్రమంలో రిపబ్లికన్ అధ్యక్షులకు న్యాయమూర్తుల పేర్లు అందించే నారుమడిగా ఎదిగింది.

1987లో అధ్యక్షుడు రీగన్ రాబర్ట్ బోర్క్‌ను సుప్రీంకోర్టుకు ప్రతిపాదించాడు. గ్రిస్‌వోల్డ్ తీర్పు చెప్పిన గోప్యతా హక్కు రాజ్యాంగంలో లేదని బోర్క్ బాహాటంగా రాసినవాడు కావడంతో సెనేట్ విచారణ దేశమంతా చూసిన వాగ్వాదంగా మారి, చివరికి ప్రతిపాదన 42-58 ఓట్లతో వీగిపోయింది. ఆ కుర్చీకి 1988లో వచ్చినవాడు ఆంథనీ కెనెడీ. ఈ మార్పు విలువ నాలుగేళ్లకు తెలిసింది. 1992లో ప్లాన్డ్ పేరెంట్‌హుడ్ వర్సెస్ కేసీ కేసు వచ్చేనాటికి తొమ్మిది మందిలో ఎనిమిది మంది రిపబ్లికన్ అధ్యక్షుల నియామకాలు, రో పడిపోతుందని అందరూ ఎదురు చూశారు. కాని ఓకానర్, కెనెడీ, సూటర్ అనే ముగ్గురు రిపబ్లికన్ నియామకాలు కలిసి రాసిన ప్రధానాభిప్రాయం 5-4తో రో సారాన్ని నిలబెట్టింది.

కేసీ తీర్పు నిలబెట్టినదెంతో తగ్గించినదీ అంతే. మూడు నెలల లెక్కను తీసివేసి దాని స్థానంలో అనుచిత భారం అన్న కొలబద్దను పెట్టింది, అంటే స్త్రీ దారిలో పెద్ద అడ్డంకి కానంత వరకు రాష్ట్రాలు షరతులు పెట్టవచ్చు. 24 గంటలు ఆగి రావాలన్న పెన్సిల్వేనియా నిబంధన చెల్లింది, భర్తకు ముందుగా తెలియజేయాలన్న నిబంధన చెల్లలేదు. అంతకు ముందు ఏడాది అదే కేసు మూడో సర్క్యూట్ అప్పీలు కోర్టులో ఉన్నప్పుడు, భర్తకు చెప్పాలన్న నిబంధన కూడా చెల్లుతుందని భిన్నాభిప్రాయం రాసిన న్యాయమూర్తి శామ్యూల్ అలీటో. ఆ పేరు మళ్లీ రెండుసార్లు వినిపిస్తుంది.

కేసీ తరువాత రిపబ్లికన్ శిబిరం నేర్చుకున్న పాఠం, పార్టీ చూసి నియమిస్తే చాలదు, న్యాయమూర్తి ముందుగా రాసినదీ పలికినదీ జల్లెడ పట్టాలి అన్నది. నియమించినప్పుడు సంప్రదాయవాదిగా కనిపించి తరువాత ఆశ్చర్యపరిచిన డేవిడ్ సూటర్ లాంటివారు మరొకరు రాకూడదన్నది ఆ శిబిరంలో నినాదమైంది.

ఒక్క కుర్చీ విలువ

ఒక్కరి మార్పు ఏం చేయగలదో చూపడానికి రెండు తీర్పులు పక్కపక్కన పెట్టి చూడవచ్చు. గర్భం ముదిరిన దశలో డాక్టర్లు వాడే ఒక శస్త్రచికిత్సా పద్ధతిని నెబ్రాస్కా రాష్ట్రం నిషేధిస్తే, 2000లో సుప్రీంకోర్టు 5-4తో ఆ చట్టాన్ని కొట్టివేసింది. దాదాపు అదే నిషేధాన్ని కాంగ్రెస్ దేశమంతటికీ వర్తించే చట్టంగా చేస్తే 2007లో అదే కోర్టు 5-4తో దాన్ని ఆమోదించింది. నడుమ ఓట్ల లెక్కను మార్చినది ఒక్కటే, 2006 జనవరిలో సాండ్రా డే ఓకానర్ దిగిపోయి ఆ స్థానంలోకి అలీటో వచ్చాడు.

2016 ఫిబ్రవరిలో న్యాయమూర్తి స్కాలియా మరణించినప్పుడు ఒబామా మార్చి 16న మెరిక్ గార్లండ్‌ను ప్రతిపాదించాడు. సెనేట్‌లో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు, అది ఎన్నికల ఏడాది కనుక ప్రజల తీర్పు దాకా ఆగాలని చెప్పి, విచారణైనా జరపకుండా ఆ ప్రతిపాదనను ఏడాది చివరి దాకా పక్కన పెట్టారు. ఆ ఎన్నికలో గెలిచిన ట్రంప్, రోను తిరగదోడే న్యాయమూర్తులను నియమిస్తానని ప్రచారంలోనే చెప్పినవాడు. 2017 ఏప్రిల్‌లో నీల్ గోర్సచ్‌ను ఆమోదించడానికి రిపబ్లికన్లు ఫిలిబస్టర్‌ను తొలగించారు. ఫిలిబస్టర్ అంటే 60 ఓట్లు కూడితే తప్ప చర్చ ముగించనివ్వని సెనేట్ ఆనవాయితీ, దిగువ ఫెడరల్ కోర్టుల నియామకాలకు దాన్ని 2013లోనే డెమొక్రాట్లు తొలగించి ఉన్నారు. ఆ తరువాత 2018లో బ్రెట్ కవనా 50-48తో వచ్చాడు. 2020 సెప్టెంబరు 18న, ఎన్నికలకు 46 రోజుల ముందు, న్యాయమూర్తి రూత్ బేడర్ గిన్స్‌బర్గ్ 87 ఏళ్ల వయసులో పదవిలోనే మరణించింది. నాలుగేళ్ల క్రితం ఎన్నికల ఏడాదిలో ఆగాలన్న సెనేట్ ఈసారి ఎన్నికలకు 8 రోజుల ముందు ఏమీ కోనీ బారెట్‌ను 52-48తో ఆమోదించింది.

ఆ ముగ్గురి రాకతో లెక్క కుదిరింది. పదిహేను వారాల తరువాత గర్భవిచ్ఛిత్తిని నిషేధిస్తూ మిసిసిపి 2018లో చేసిన చట్టాన్ని దిగువ రెండు ఫెడరల్ కోర్టులూ, రో, కేసీ తీర్పులకు కట్టుబడవలసినవి కనుక, కొట్టివేశాయి. డాబ్స్ వర్సెస్ జాక్సన్ విమెన్స్ హెల్త్ ఆర్గనైజేషన్ అన్న పేరుతో అది సుప్రీంకోర్టు చేరాక, ఆ చట్టాన్ని ఆరుగురు ఆమోదించారు, రోను పూర్తిగా రద్దు చేయడానికి అయిదుగురు ఓటు వేశారు, తీర్పు రాసినవాడు అలీటో. ముప్ఫై ఏళ్ల క్రితం ఒక సర్క్యూట్ కోర్టులో భిన్నాభిప్రాయం రాసిన చేయి ఇప్పుడు దేశానికి ఆఖరి మాట రాసింది. ఆ తీర్పును సమర్థిస్తూనే న్యాయమూర్తి థామస్, గర్భనిరోధక సాధనాలకు రక్షణ ఇచ్చిన గ్రిస్‌వోల్డ్‌ను కూడా పునఃపరిశీలించాలని విడిగా రాశాడు. మిగతావారు అందుకు కలిసి రాలేదు.

కింది మెట్ల బలం

డాబ్స్ తీర్పు ప్రశ్నను రాష్ట్రాలకు వదిలింది కనుక ఇక ఫెడరల్ న్యాయమూర్తులతో పని లేదని అనుకోవడం పొరపాటు. రో పడిపోయిన వెంటనే అమలులోకి వచ్చేట్టు పదమూడు రాష్ట్రాలు ముందుగానే చట్టాలు చేసి పెట్టుకున్నాయి, వాటిలో టెక్సస్ ఒకటి; అక్కడ తల్లికి ప్రాణాపాయం వంటి పరిస్థితిలో తప్ప గర్భవిచ్ఛిత్తి చేసిన డాక్టరుకు జీవితఖైదు దాకా శిక్ష పడవచ్చు, అత్యాచారానికి గాని పిండంలో తీవ్రమైన లోపానికి గాని మినహాయింపు లేదు. జార్జియాలో గర్భం ఆరు వారాలకు చేరాక ఇంచుమించు నిషేధించే 2019 నాటి చట్టాన్ని జిల్లా న్యాయమూర్తి నిలిపివేసి ఉంచగా, 2022 జులైలో పదకొండో సర్క్యూట్ దాన్ని వదిలిపెట్టింది. ఏ వారానికి ఎంత వైద్యమన్నది ఇప్పుడు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఆ రాష్ట్ర చట్టానికీ కేంద్ర చట్టానికీ రాపిడి వచ్చిన ప్రతిసారీ తగవు ఫెడరల్ కోర్టుకే చేరుతుంది.

ఆ రాపిడిలో అన్నింటికన్నా ముఖ్యమైనది మాత్రలది. గర్భాన్ని తొలి వారాల్లో తొలగించడానికి వాడే మిఫెప్రిస్టోన్ అనే మందును అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2000లో ఆమోదించింది. ఆ ఆమోదం చెల్లదంటూ వేసిన దావాను 2022లో టెక్సస్‌లోని అమరిల్లో పట్టణంలో దాఖలు చేశారు; ఆ ఊళ్లో వేసిన దావాలు దాదాపు అన్నీ ఒకే న్యాయమూర్తి ముందుకు వస్తాయి, 2019లో ట్రంప్ నియమించిన ఆ న్యాయమూర్తి మాథ్యూ కాజ్‌మరిక్. 2023 ఏప్రిల్ 7న ఆయన ఆ మందు ఆమోదాన్ని దేశమంతటా నిలిపివేస్తూ ఆదేశం ఇచ్చాడు. అదే రోజు వాషింగ్టన్ రాష్ట్రంలోని స్పోకేన్‌లో, ఒబామా నియమించిన థామస్ రైస్ అనే జిల్లా న్యాయమూర్తి, తన ముందుకు వచ్చిన రాష్ట్రాల్లో ఆ మందు లభ్యతను తగ్గించరాదని ఆదేశించాడు. ఒకే మందు, ఒకే కేంద్ర చట్టం, ఒకే రోజు, రెండు ఊళ్లలో ఎదురెదురు ఆదేశాలు. చివరికి 2024 జూన్ 13న సుప్రీంకోర్టు, దావా వేసిన డాక్టర్లకు సొంతంగా జరిగిన నష్టమేదీ లేదు కనుక వారికి దావా వేసే అర్హతే లేదని ఏకగ్రీవంగా తేల్చింది. మందు మంచిదా కాదా అన్న ప్రశ్నను అది ముట్టుకోలేదు, కనుక అర్హత ఉన్న మరొకరు వస్తే ఆ ప్రశ్న మళ్లీ తెరుచుకుంటుంది.

ట్రంప్ మొదటి పదవీకాలంలో సుప్రీంకోర్టుకు ముగ్గురిని, అప్పీలు కోర్టులకు 54 మందిని నియమించాడు. బైడెన్ సుప్రీంకోర్టుకు ఒకరిని, అప్పీలు కోర్టులకు 45 మందిని నియమించాడు. ఇద్దరూ నాలుగేళ్లకు దిగిపోయారు, వారు నియమించిన వందలాది న్యాయమూర్తులు దిగిపోలేదు. జిల్లా న్యాయమూర్తుల విషయంలో మరొక ఆనవాయితీ ఉంది: ఆ రాష్ట్రానికి చెందిన ఇద్దరు సెనేటర్లు బ్లూ స్లిప్ అనే నీలి చీటీ మీద సమ్మతి తెలిపితే తప్ప పేరు ముందుకు కదలదు. అందువల్ల టెక్సస్ సెనేటర్ ఎన్నిక టెక్సస్ జిల్లా కోర్టుల్లో ఎవరు కూర్చుంటారో నిర్ణయించే ఎన్నిక కూడా అవుతుంది.

ఇక్కడే ప్రవాస తెలుగువారి విచిత్ర స్థితి బయటపడుతుంది. హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేసేవారికి గాని, భార్యగానో భర్తగానో హెచ్-4 వీసా మీద వెళ్లినవారికి గాని, గ్రీన్ కార్డు వచ్చినవారికి గాని అధ్యక్ష ఎన్నికలో, సెనేట్ ఎన్నికలో ఓటు లేదు. పౌరసత్వం వచ్చాకే ఓటు, దానికి ముందు రావలసిన గ్రీన్ కార్డు వరుస భారతీయులకు ఏళ్ల తరబడి కదలదు. వారు పన్నులు కడతారు, పిల్లల్ని కంటారు, ఆసుపత్రికి వెళ్తారు, కాని ఆ ఆసుపత్రిలో డాక్టరు చేతులు కట్టేసే చట్టాన్ని పరీక్షించే న్యాయమూర్తిని ఎంచడంలో వారి మాట లేదు.

తెలుగు నేలకు చేరిన వాదం

అమెరికాలో గోప్యత మీద నడిచిన వాదం భారతదేశానికి చేరిన దారిలో తెలుగు న్యాయమూర్తుల పేర్లు వరుసగా కనిపిస్తాయి. 1962లో ఖరక్ సింగ్ కేసులో, పోలీసులు అనుమానితుడి మీద పెట్టే నిఘాను సుప్రీంకోర్టు పరిశీలిస్తూ గోప్యత ప్రాథమిక హక్కు కాదని మెజారిటీ చెప్పినప్పుడు, రాజమహేంద్రవరానికి చెందిన కోకా సుబ్బారావు అది వ్యక్తిగత స్వేచ్ఛలో విడదీయరాని భాగమని భిన్నాభిప్రాయం రాశారు. 1975లో గోవింద్ కేసులో జస్టిస్ మాథ్యూ గ్రిస్‌వోల్డ్, రో తీర్పులను చర్చించి, గోప్యతకు చోటు ఉండవచ్చునని జాగ్రత్తగా ఒప్పుకున్నారు.

1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో జస్టిస్ పి.ఎ. చౌదరి ఆ దారిలో ఎవరూ వేయనంత పెద్ద అడుగు వేశారు. విడిగా ఉంటున్న భార్యను, లేదా భర్తను, తిరిగి కాపురానికి రమ్మని కోర్టు ద్వారా ఆదేశం పొందే వీలు హిందూ వివాహ చట్టం తొమ్మిదో సెక్షన్‌లో ఉంది; టి. సరిత వర్సెస్ టి. వెంకట సుబ్బయ్య కేసులో ఆయన ఆ సెక్షన్ రాజ్యాంగ విరుద్ధమన్నారు. తన దేహం ఎప్పుడు, ఎవరి వల్ల సంతానానికి పనిముట్టు కావాలన్న నిర్ణయాన్ని ఆ ఆదేశం స్త్రీ చేతి నుంచి తీసి ప్రభుత్వం చేతిలో పెడుతుందని ఆయన వాదం. దానికి ఆయన అమెరికా గోప్యతా తీర్పుల్లోని ఆలోచనను ఆధారం చేసుకున్నారు. మరుసటి ఏడాదే సరోజ్ రాణి కేసులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తప్పన్నది, తొమ్మిదో సెక్షన్ నిలిచింది.

2017 ఆగస్టు 24న, కర్ణాటక హైకోర్టు మాజీ న్యాయమూర్తి, బెంగళూరు నివాసి కె.ఎస్. పుట్టస్వామి ఆధార్‌ను సవాలు చేస్తూ వేసిన కేసులో తొమ్మిది మంది న్యాయమూర్తులు ఏకగ్రీవంగా గోప్యత ప్రాథమిక హక్కేనన్నారు. సుబ్బారావు భిన్నాభిప్రాయానికి 55 ఏళ్ల తరువాత విజయం దక్కింది. ఆ ధర్మాసనంలో కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్ తన విడి అభిప్రాయంలో, బిడ్డను కనాలా గర్భాన్ని తొలగించుకోవాలా అన్న స్త్రీ నిర్ణయం గోప్యత పరిధిలోనిదేనని స్పష్టంగా రాశారు. అదే చలమేశ్వర్ 2015లో, న్యాయమూర్తుల నియామకానికి పార్లమెంటు తెచ్చిన జాతీయ కమిషన్‌ను సుప్రీంకోర్టు 4-1తో కొట్టివేసినప్పుడు, న్యాయమూర్తులే న్యాయమూర్తులను ఎంచుకునే కొలీజియం గుట్టుగా నడుస్తోందని విమర్శిస్తూ ఒంటరిగా భిన్నాభిప్రాయం రాసినవారు. హక్కు ఎంత ముఖ్యమో దాన్ని చదివే మనిషి ఎలా వచ్చాడన్నదీ అంతే ముఖ్యమని ఆ రెండు అభిప్రాయాలు కలిపి చదివితే తెలుస్తుంది.

భారతదేశానికి ఉన్న బలం 1971 నాటి వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం. శాంతిలాల్ షా కమిటీ సిఫారసుల మీద పార్లమెంటు చేసిన ఆ చట్టం, 2021 సవరణ తరువాత, 20 వారాల దాకా ఒక డాక్టరు అభిప్రాయంతో, కొన్ని వర్గాల స్త్రీలకు 24 వారాల దాకా ఇద్దరు డాక్టర్ల అభిప్రాయంతో గర్భవిచ్ఛిత్తిని అనుమతిస్తుంది. డాబ్స్ వచ్చిన మూడు నెలలకే, 2022 సెప్టెంబరు 29న, భారత సుప్రీంకోర్టు ఆ 24 వారాల వెసులుబాటు అవివాహితులకు కూడా చెందుతుందని చెప్పింది. అయితే చట్టం నిర్ణయాన్ని స్త్రీ కోరికకు కాక డాక్టరు అభిప్రాయానికి అప్పగించింది. 24 వారాలు దాటితే, పిండంలో తీవ్ర లోపం ఉందని వైద్య మండలి తేల్చినప్పుడో తల్లి ప్రాణం కాపాడవలసి వచ్చినప్పుడో తప్ప, కోర్టు తలుపు తట్టవలసిందే.

ఆ తలుపు వెనక ఎవరున్నారన్నది ఇక్కడా లెక్కే. 2023 అక్టోబరులో 26 వారాల గర్భంతో వచ్చిన ఒక వివాహిత అభ్యర్థనను, తెలంగాణ హైకోర్టుకు తొలి మహిళా ప్రధాన న్యాయమూర్తిగా పనిచేసిన హిమా కోహ్లీ, కర్ణాటక హైకోర్టు నుంచి వెళ్లిన బి.వి. నాగరత్న మొదట ఒక్కమాటగా అనుమతించారు. పిండం బతికే అవకాశముందని వైద్యులు తెలిపాక జస్టిస్ కోహ్లీ అనుమతిని వెనక్కి తీసుకోవాలన్నారు, జస్టిస్ నాగరత్న స్త్రీ నిర్ణయమే నిలవాలన్నారు. ఆపై ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం అభ్యర్థనను తిరస్కరించింది. చట్టం ఒకటే, వైద్య నివేదిక ఒకటే, ఇద్దరు స్త్రీలైన న్యాయమూర్తులే రెండు దారుల్లో నడిచారు.

ఓటుకూ తీర్పుకూ మధ్య

ఈ చరిత్ర నుంచి తేలేది, తీర్పు మీద మాత్రమే నిలిచిన హక్కు అద్దె ఇల్లు లాంటిదని. యజమాని మారితే ఖాళీ చేయవలసి వస్తుంది. అమెరికాలో పలు రాష్ట్రాల ప్రజలు ఇది గ్రహించి ఆ హక్కును తమ రాష్ట్ర రాజ్యాంగాల్లోకి రాయించుకున్నారు: 2022లో కాలిఫోర్నియా, మిషిగన్, వెర్మాంట్, 2023లో ఒహాయో, 2024లో, హైదరాబాదులో పుట్టిన అరుణా మిల్లర్ లెఫ్టినెంట్ గవర్నరుగా ఉన్న మేరీలాండ్ వాటిలో కొన్ని. ఐర్లండ్‌లో, కర్ణాటకలోని బెళగావికి చెందిన ఒక దంతవైద్యురాలు గర్భవిచ్ఛిత్తి అందక 2012లో మరణించిన తరువాత లేచిన నిరసన 2018 మే నెలలో ప్రజాభిప్రాయ సేకరణగా ముగిసి, 66 శాతం ఓట్లతో నిషేధాన్ని రాజ్యాంగం నుంచి తొలగించింది. అలా జనం రాసుకున్న హక్కును కూడా న్యాయమూర్తులే చదువుతారు, కాని దాన్ని లేదనడం తేలిక కాదు.

అందువల్ల అమెరికాలో పౌరసత్వం పొందిన తెలుగు కుటుంబాలు అధ్యక్షుడి పేరు దగ్గరే ఆగకుండా, తమ రాష్ట్ర సెనేటర్లు ఎటువంటి న్యాయమూర్తులకు ఓటు వేశారో అడిగి తెలుసుకోవడం అవసరం; హొసకోటెలో ఉన్నవారు కొలీజియం పంపే పేర్లను బదిలీ వార్తల్లా దాటవేయకుండా చదవడం అంతే అవసరం. ఏమీ కోనీ బారెట్ ప్రమాణం చేసేనాటికి ఆమె వయసు 48. ఆ 2020లో టెక్సస్‌లో పుట్టిన తెలుగు ఆడపిల్లకు 2038లో మొదటి ఓటు వచ్చేనాటికి బారెట్‌కు 66 ఏళ్లు నిండుతాయి, గిన్స్‌బర్గ్ పదవిలో ఉండగా చేరిన వయసుకు అప్పటికి ఇంకా 21 ఏళ్లు మిగిలి ఉంటాయి.